మిషిగన్ చలి నుంచి ఫ్లోరిడా ఉక్కలోకి: రిటైరయ్యాక మా మకాం మార్పు

మిషిగన్‌లోని నోవైలో ఇల్లు అమ్మేసి ఫ్లోరిడాలో టాంపా దగ్గరికి వచ్చామని తెలిసినప్పటి నుంచి మిషిగన్ స్నేహితులు, న్యూజెర్సీ బంధువులు ఫోన్ చేస్తే అడిగేది ఒకటే: "హాయిగా ఉందా?" జనవరిలో అడిగితే ఒకటి చెబుతాను, ఆగస్టులో అడిగితే ఇంకొకటి చెబుతాను. రెండూ నిజమే. వీళ్ళలో సగం మంది మాలాగే రిటైర్మెంటుకి దగ్గరపడ్డవాళ్ళు, మనసులో ఫ్లోరిడా పెట్టుకునే అడుగుతున్నారు. అందుకే మేం ఎలా వచ్చామో, వచ్చాక ఏమైందో వరసగా రాస్తున్నాను.

మాది కాకినాడ. పెళ్ళయ్యాక ఎనభైల్లో అమెరికా వచ్చాం. మావారు కార్ల విడిభాగాల కంపెనీలో ఇంజినీరు, నేను ఆస్పత్రి ల్యాబులో పనిచేశాను. వయసులో ఉన్నప్పుడు చలి మమ్మల్ని ఏమీ చేయలేదు. తెల్లారకుండానే లేచి డ్రైవ్‌వే మీద మంచు తీసి, కారు అద్దాల మీద ఐసు గీకి డ్యూటీకి పోయేవాళ్ళం. అరవై దాటాక లెక్క మారింది. డిసెంబరులో సాయంత్రం ఐదింటికే చీకటి, వారాల తరబడి మబ్బు, పొద్దున్నే మంచం దిగితే పట్టేసే మోకాళ్ళు. ఒక జనవరిలో కంటికి కనపడని పల్చటి ఐసు మీద జారి మావారి మణికట్టు విరిగింది. కట్టు విప్పిన రోజునే ఆయన ల్యాప్‌టాప్ తెరిచి ఫ్లోరిడా ఇళ్ళు చూడటం మొదలుపెట్టారు.

"ఎండే కావాలనుకుంటే కాకినాడ లేదా అక్కా?" అన్నాడు మా తమ్ముడు. న్యాయమైన ప్రశ్నే. కానీ జీతంలో కోతపడుతూ ఇన్నేళ్ళు కట్టిన మెడికేర్, అంటే పెద్దవాళ్ళకి ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమా, ఇండియాలో వైద్యానికి పనికిరాదు. పైగా అబ్బాయి ఆన్ ఆర్బర్‌లో, అమ్మాయి చికాగోలో ఉంటారు. టాంపా నుంచి ఇద్దరి దగ్గరికీ మూడు గంటల లోపు విమానం. ఇండియా నుంచి అయితే మనవడి పుట్టినరోజుకి రావాలన్నా ఒక పెద్ద కార్యక్రమమే. మావారికి మొదట ఆరిజోనా మీద మోజుండేది, పొడి వేడి, తుఫాన్లు ఉండవు అని. మేం ఇల్లు కొన్న 2023 వేసవిలోనే ఫీనిక్స్‌లో వరసగా 31 రోజులు పగటి వేడి 110 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు తగ్గలేదు. ఆ తర్వాత ఆయన ఆ ఊసెత్తలేదు.

కొనేముందు అద్దెకి ఉండి చూడమని అందరూ చెబుతారు. చాలామంది ఉంటారు కూడా, కాకపోతే ఫిబ్రవరిలో. మేమూ మొదటిసారి ఫిబ్రవరిలోనే వెళ్ళాం. డిట్రాయిట్‌లో మంచు తుఫాను, ఇక్కడ 70 డిగ్రీలు, నీలాకాశం, కాటన్ చీర కట్టుకుని గుడికి వెళ్ళొచ్చు. ఆ నెలలో చూస్తే ఎవరైనా ఇల్లు కొనేస్తారు. అయితే మా ల్యాబులో పనిచేసి ఇక్కడికి వచ్చిన ఒక పాత సహోద్యోగి గట్టిగా చెప్పింది, ఆగస్టులో ఒక నెల ఉండి చూడకుండా చెక్కు రాయొద్దని. మేం ఆ మాట విన్నాం.

ఆగస్టులో ఇక్కడ పగటి వేడి 91, 92 డిగ్రీలు, అంటే సుమారు 33 సెల్సియస్. మే నెలలో కాకినాడ ఎండల్లో పెరిగినవాళ్ళకి ఇదో లెక్కా అనుకున్నాం. లెక్కే. రాత్రి కూడా 75కి దిగదు. తెల్లవారుజామున ఆరింటికి తలుపు తీస్తే కళ్ళజోడు మీద ఆవిరి పట్టేస్తుంది. ఇటు గల్ఫ్ ఆఫ్ మెక్సికో నుంచి, అటు అట్లాంటిక్ నుంచి వచ్చే సముద్రపు గాలులు నడి రాష్ట్రం మీద ఢీకొని మధ్యాహ్నం మూడు దాటాక ఉరుములు, మెరుపులు, కుండపోత. అమెరికాలో పిడుగులు ఎక్కువగా పడే ప్రాంతాల్లో ఇదొకటి. వాన వెలిశాక చల్లబడుతుందనుకుంటాం, కానీ రోడ్ల మీద నీరు ఆవిరై ఇంకా ఉక్క పెడుతుంది. ఆ నెలంతా మేం ఏసీ ఇంట్లోంచి ఏసీ కార్లోకి, అందులోంచి ఏసీ షాపులోకి. మిషిగన్‌లో జనవరి గడిపే పద్ధతి కూడా ఇంచుమించు ఇంతే కదా అన్నాను. మావారు నవ్వి, "ఇక్కడ పార తీసుకుని తవ్వేదేమీ లేదు" అన్నారు. అక్కడే తేలిపోయింది. ఏడాదికి నాలుగైదు నెలలు ఇంట్లో బందీ కావడం ఎలాగూ తప్పదు, ఏ నెలల్లో కావాలో మనం ఎంచుకుంటాం, అంతే. మిగతా నెలలు ఇక్కడ చాలా బాగుంటాయి కాబట్టి మేం ఇటు మొగ్గాం.

ఇక డబ్బు. ఫ్లోరిడాలో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదని చెప్పుకుని అందరూ మురిసిపోతారు. మిషిగన్‌లో 4.25 శాతం ఉంది. అయితే మిషిగన్ సోషల్ సెక్యూరిటీ మీద పన్ను వేయదు. పెన్షన్, 401కే లాంటి రిటైర్మెంట్ ఆదాయం మీద కూడా 2023 నుంచి దశలవారీగా తగ్గిస్తూ వచ్చింది. కూర్చుని లెక్క వేస్తే మాకు మిగిలేది అనుకున్నదాంట్లో సగం కూడా లేదు. ఆ మిగిలిందాన్ని ఇంటి బీమా తినేసింది.

బీమా గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే మేం మాట్లాడిన రియల్టర్లలో ఒక్కరూ దీన్ని తమంతట తాము ఎత్తలేదు. మేం చూసేనాటికి ఫ్లోరిడాలో కొన్ని బీమా కంపెనీలు దివాలా తీశాయి, కొన్ని కొత్త పాలసీలు ఆపేశాయి. ఇల్లు నచ్చగానే వంటగది కాదు, కప్పు చూడాలి. కప్పు వయసు పదిహేనేళ్ళు దాటితే బీమా దొరకడమే కష్టం. 1992లో ఆండ్రూ తుఫాను దక్షిణ ఫ్లోరిడాను నేలమట్టం చేశాక నిబంధనలు బిగించారు. 2002 నుంచి రాష్ట్రమంతటికీ ఒకే బిల్డింగ్ కోడ్ వచ్చింది. ఆ తర్వాత కట్టిన ఇంటికి ప్రీమియం తగ్గుతుంది. విండ్ మిటిగేషన్ ఇన్‌స్పెక్షన్ అని ఒకటి చేయిస్తే, కప్పును గోడలకు ఏ పట్టీలతో బిగించారు, కిటికీలకు షట్టర్లున్నాయా, కప్పు నాలుగు వైపులా వాలుగా ఉందా అన్నీ రాసిస్తారు. దానికి పెట్టిన ఖర్చు మాకు మొదటి ప్రీమియంలోనే తిరిగొచ్చింది.

పాలసీలో ఇంకో మెలిక, హరికేన్ డిడక్టిబుల్ వేరుగా ఉంటుంది, శాతాల్లో. ఇంటికి 4 లక్షల డాలర్ల కవరేజీ ఉండి డిడక్టిబుల్ 2 శాతమైతే, తుఫాను నష్టంలో మొదటి 8 వేలు మన జేబులోంచే. ఇంట్లోకి వరదనీరు వస్తే ఈ బీమా అసలు వర్తించదు. ఫ్లడ్ ఇన్సూరెన్స్ విడిగా కొనాలి. ఫెడరల్ ప్రోగ్రాంలో ఇంటికి గరిష్ఠంగా రెండున్నర లక్షలు, సామానుకి లక్ష. ఇంటి లోనుతో కలిపి తీసుకుంటే తప్ప, కొన్నాక 30 రోజులకు గానీ అమల్లోకి రాదు. అంటే టీవీలో తుఫాను బొమ్మ చూసి కొనుక్కుందామంటే కుదరదు. మా ఇల్లు వెస్లీ చాపెల్‌లో, సముద్రానికి దూరం, వరద మ్యాపులో ఎక్స్ జోన్, అంటే ముప్పు తక్కువ. బ్యాంకు అడగకపోయినా ఫ్లడ్ పాలసీ తీసుకున్నాం. ల్యాబులో పనిచేసినవాళ్ళకి ఉండే జాగ్రత్త జబ్బు ఇది.

క్లోజింగ్, అంటే డబ్బు కట్టి ఇల్లు మా పేరు మీదికి మార్చుకోవడం, 2023 ఆగస్టు ఆఖరివారంలో పడింది. సరిగ్గా అప్పుడే ఇడాలియా తుఫాను గల్ఫ్‌లోకి వచ్చింది. తుఫాను దగ్గరపడుతోందంటే బీమా కంపెనీలు కొత్త పాలసీలు రాయడం ఆపేస్తాయి. పాలసీ లేకపోతే బ్యాంకు లోను విడుదల చేయదు. మా ఏజెంటు పాతకాలపు మనిషి, ముందువారమే పాలసీ ఖాయం చేయించాడు. మా పక్కవీధిలో ఇల్లు కొంటున్న ఒక గుంటూరు కుర్రాడికి మాత్రం క్లోజింగ్ ఆగిపోయింది. సామాను ట్రక్కులో, చంటిపిల్లతో హోటల్లో, పాపం ఒకటే టెన్షన్. వేసవిలో కొనేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి.

ఆస్తిపన్నులో ఒక ఉచ్చు ఉంది. మిషిగన్ నుంచి వచ్చినవాళ్ళం కాబట్టి మాకు ముందే తెలుసు, అక్కడా ఇదే పద్ధతి. సొంతంగా కాపురముండే ఇంటికి హోమ్‌స్టెడ్ అనే పన్ను రాయితీ రాయించుకుంటే, పన్ను లెక్కకి తీసుకునే విలువ ఏడాదికి 3 శాతానికి మించి పెరగదు. అలా పదిహేనేళ్ళుగా ఉన్న ఓనరు కట్టే పన్ను చాలా తక్కువగా ఉంటుంది. అమ్మకం ప్రకటనలో కనిపించేది ఆ అంకె. చేతులు మారగానే మరుసటి ఏడాది నుంచి మార్కెట్ విలువ మీద లెక్క కడతారు. జనవరి 1 నాటికి ఆ ఇంట్లో కాపురముండి, మార్చి 1 లోపు అప్లికేషన్ పెడితే మన హోమ్‌స్టెడ్ మొదలవుతుంది. దీనికి తోడు కొత్త కాలనీల్లో సీడీడీ (కమ్యూనిటీ డెవలప్‌మెంట్ డిస్ట్రిక్ట్) అని ఒకటి. రోడ్లు, చెరువులు, క్లబ్‌హౌస్ కట్టడానికి తెచ్చిన బాండ్ల అప్పును ఇళ్ళవాళ్ళ ఆస్తిపన్ను బిల్లులో కలిపి ఏళ్ళ తరబడి వసూలు చేస్తారు. హోమ్‌స్టెడ్‌తో అది తగ్గదు. కాలనీ సంఘానికి కట్టే హెచ్‌ఓఏ ఫీజు మళ్ళీ వేరే.

మెడికేర్ విషయం మాకు అనుకోకుండా కలిసొచ్చింది. మిషిగన్‌లో మాది అడ్వాంటేజ్ ప్లాను, అంటే ప్రైవేటు కంపెనీ నడిపే మెడికేర్, అక్కడి డాక్టర్ల నెట్‌వర్కుకే పరిమితం. ప్లాను పరిధి దాటి ఇల్లు మారితే, ఆరోగ్యం గురించి ప్రశ్నలడగకుండా మెడిగ్యాప్ పాలసీ (మామూలు మెడికేర్ కట్టగా మిగిలే ఖర్చు భరించేది) ఇవ్వాలనే నిబంధన ఉంది. పాత కవరేజీ ఆగిన 63 రోజుల్లోపు అడగాలి. మామూలుగా అయితే మావారికున్న బీపీకి, పాత గుండె రిపోర్టుకి ఎవరూ ఇచ్చేవాళ్ళు కాదు. ప్రీమియం ఎక్కువే, కానీ ఇప్పుడు మెడికేర్ తీసుకునే డాక్టరు ఏ రాష్ట్రంలో ఉన్నా వెళ్ళొచ్చు. వేసవిలో అబ్బాయి దగ్గర నెలల తరబడి ఉండేవాళ్ళకి అది పెద్ద ధైర్యం. జనవరి నుంచి మార్చి దాకా చలి రాష్ట్రాల పెద్దలంతా ఇక్కడే ఉంటారు కాబట్టి ఆ నెలల్లో స్పెషలిస్టు అపాయింట్‌మెంటు దొరకడం గగనం. మేం చెకప్పులన్నీ వేసవికి మార్చుకున్నాం. ఎలాగూ బయట తిరిగేది లేదు.

ఆరోగ్యం సంగతికొస్తే, మోకాళ్ళు తేలికపడ్డాయి. చలికాలమంతా రోజూ పొద్దున నడుస్తున్నాం, మావారు పొట్ట తగ్గించారు. డిసెంబరులో నాకు పట్టుకునే దిగులు ఇక్కడ రావడం లేదు. కానీ వేడి పెద్దవాళ్ళని వేరే రకంగా కొడుతుంది. మావారి బీపీ మందులో నీరు లాగేసే మాత్ర ఉంది. మొదటి జూలైలో ఆయన లాన్ పని చేసి, గటగటా నీళ్ళు తాగి, సాయంత్రానికి కళ్ళు తిరిగి కూలబడ్డారు. ఆస్పత్రిలో రక్తపరీక్ష చేస్తే సోడియం బాగా పడిపోయింది. చెమటతో ఉప్పు పోతోంది, మాత్రతో పోతోంది, మంచినీళ్ళు తాగేకొద్దీ మిగిలింది ఇంకా పల్చబడుతోంది. ల్యాబులో ఇలాంటి రిపోర్టులు ఎన్నో చూశాను. డాక్టరు మాత్ర మార్చి, ఉప్పు ఎంత, నీళ్ళు ఎంత అన్నది లెక్క చెప్పారు. ఇలాంటి మాత్రలు వేసుకునేవాళ్ళు ఇక్కడికి వచ్చిన మొదటి వేసవికి ముందే డాక్టరుతో ఈ మాట మాట్లాడుకోవడం మంచిది.

ఇంటి పని తగ్గుతుందనుకున్నాం. మంచు తీసే పని పోయి ఏసీ చాకిరీ వచ్చింది. ఏడాదిలో ఎక్కువ భాగం నడుస్తూనే ఉంటుంది. అది గాల్లోంచి లాగిన నీరు బయటికి పోయే గొట్టంలో పాచి పట్టి మూసుకుపోతే ఇంట్లోనే కారుతుంది. అందుకని నెలనెలా అందులో కాస్త వెనిగర్ పోస్తాను. నెల రోజులు ఊరెళ్ళినా ఏసీ పూర్తిగా కట్టేయకూడదు, బూజు పట్టేస్తుంది. పట్టుచీరల బీరువాలో తేమ పీల్చే పొట్లాలు పెట్టాను. చెదలకు ఏటేటా కాంట్రాక్టు. పెరట్లో ఎర్రచీమల పుట్టల మీద చెప్పులతో కాలు పెడితే రెండు రోజులు దురద, పొక్కులు. కాలనీ చెరువు గట్టు మీద మొసళ్ళున్నాయి జాగ్రత్త అని బోర్డు. మనవలకి అదే పెద్ద ఆకర్షణ.

తోట గురించి మాత్రం ఎంత చెప్పినా తనివి తీరదు. మిషిగన్‌లో కరివేపాకు కుండీని అక్టోబరులో ఇంట్లోకి, మే నెలలో బయటికి మోస్తూ దాన్ని బతికించడమే ఒక వ్రతం. ఇక్కడ నేలలో పెట్టిన మొక్క నా ఎత్తు దాటింది. నోవై స్నేహితురాలు ఒక పిలక పంపమంది. కుదరదు. నిమ్మజాతి చెట్లకు తెగులు మోసే పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది, అందుకని ఫ్లోరిడా నుంచి ఆ మొక్కలు బయటి రాష్ట్రాలకు తీసుకెళ్ళడం మీద ఫెడరల్ ఆంక్షలున్నాయి. మునగ, అరటి, దొండ ఊరికే పెరుగుతాయి. గోంగూర జాతి మొక్క ఇక్కడివాళ్ళకి పాత చుట్టమే. దాని ఎర్రటి కాయ తొక్కలతో జెల్లీ చేసుకుని 'ఫ్లోరిడా క్రాన్‌బెర్రీ' అనేవారు. మా పక్కింటి అమెరికన్ ముసలావిడ నా గోంగూర మడి చూసి చిన్నప్పటి జెల్లీ గుర్తొచ్చిందంటే, ఆవిడకి పచ్చడి రుచి చూపించాను. మర్యాదకి మెచ్చుకుంది. టమాటా మాత్రం వేసవిలో కాయదు, మిషిగన్ క్యాలెండరు మర్చిపోయి శీతాకాలానికి ముందు, తర్వాత వేసుకోవాలి. ఇసుక నేలలో కంటికి కనపడని పురుగులు బెండ వేళ్ళకు బుడిపెలు కట్టిస్తాయి, కాబట్టి బెండ కుండీల్లోనే. మామిడికి కూడా వెస్లీ చాపెల్ అంత భరోసా చోటు కాదు. జనవరిలో ఒకటి రెండు రాత్రులు మంచు పేరుతుంది, లేత చెట్టుకి దుప్పటి కప్పాలి.

తుఫాన్ల సంగతి అడగనివాళ్ళు లేరు. కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా, అంటే సగం సంవత్సరం. 1977 దివిసీమ ఉప్పెన నాటికి నేను డిగ్రీ చదువుతున్నాను. సముద్రం ఊళ్ళమీదికి రావడమంటే ఏమిటో ఆ పేపర్లు చదివిన తరానికి చెప్పక్కర్లేదు. అందుకే బీచ్ దగ్గర ఇల్లు అనే మాట నేను మొదట్లోనే కొట్టేశాను. 2024 సెప్టెంబరు 26న హెలీన్ మాకు దూరంగా, ఉత్తరాన తీరం దాటినా టాంపా బే తీరంలో రికార్డు ఉప్పెన వచ్చి వేల ఇళ్ళు మునిగాయి. ఆ తడిసిన సామాను ఇంకా రోడ్డు పక్కన గుట్టలుగా ఉండగానే, రెండు వారాల్లో మిల్టన్. గల్ఫ్‌లో అన్నిటికన్నా తీవ్రమైన ఐదో కేటగిరీకి చేరి నేరుగా మా వైపే వస్తోందన్నారు. ఐ-75 హైవే మీద ఉత్తరం వైపు కార్లు కదలడం లేదు, బంకుల్లో పెట్రోలు అయిపోయింది. అబ్బాయి గంటకోసారి ఫోను, వచ్చేయండని. మాది ఖాళీ చేయాల్సిన జోను కాదు, ఇల్లు కొత్త కోడ్ ప్రకారం కట్టింది. లోతట్టు వీధుల్లో ఉండి ఖాళీ చేయమని ఆదేశం వచ్చిన ఒక తెలుగు కుటుంబాన్ని మా ఇంటికి పిలిచి, షట్టర్లు బిగించి, పులిహోర కలుపుకుని కూర్చున్నాం. అక్టోబరు 9 రాత్రి అది దక్షిణంగా సియెస్టా కీ దగ్గర తీరం దాటింది. దాంతో టాంపా బేలోకి ఉప్పెన రాలేదు, గాలి నీళ్ళని సముద్రంలోకే తోసేసింది. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో బేస్‌బాల్ స్టేడియం కప్పు చిరిగిపోయింది. రాష్ట్రంలో 30 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది, వాటిలో మాదొకటి. గాలి కన్నా ఆ తర్వాత కరెంటు లేని ఉక్కపోతే మమ్మల్ని ఎక్కువ బాధపెట్టింది. ఇప్పుడు చిన్న జనరేటరు కొన్నాం, ఫ్రిజ్‌కి, ఒక గది ఏసీకి సరిపోయేలా.

ఇవన్నీ డబ్బుతోనో జాగ్రత్తతోనో సర్దుకునేవే. సర్దుకోనిది మనుషుల లోటు. నోవై వెంకటేశ్వరస్వామి గుడిలో ప్రసాదం లైనులో నిలబడితే పది మంది పేరుపెట్టి పలకరించేవారు. పిల్లల పురుళ్ళకి, మా అత్తగారు పోయినప్పుడు వంటలు చేసి తెచ్చినవాళ్ళు వాళ్ళు. ఇక్కడ టాంపాలో హిందూ టెంపుల్ ఆఫ్ ఫ్లోరిడా ఉంది, గోపురంతో కళకళలాడే పెద్ద గుడి. మా చుట్టుపక్కల తెలుగువాళ్ళకీ కొదవలేదు. కానీ వాళ్ళంతా చిన్నపిల్లలున్న ఉద్యోగస్థులు, మమ్మల్ని ఆంటీ, అంకుల్ అని గౌరవంగా పలకరించి సాకర్ ప్రాక్టీసుకి పరిగెత్తేవాళ్ళు. మా వయసువాళ్ళు ఎవరయ్యా అంటే వాళ్ళని చూడటానికి ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు. పొద్దున వాకింగులో కలుస్తారు, భీమవరం, వరంగల్, అనంతపురం కబుర్లన్నీ అవుతాయి, చనువు ఏర్పడుతుంది. ఆరు నెలలకి ఇక్కడ ఉండే గడువు అయిపోయి వెళ్ళిపోతారు. మళ్ళీ కొత్తవాళ్ళు. పిల్లలూ అంతే, మార్చి సెలవుల్లో డిస్నీ చూడటానికి మనవలతో సహా దిగుతారు. ఆగస్టులో రమ్మంటే మీరే రండి అంటారు. అందుకని ఆ నెల మేమే ఆన్ ఆర్బర్ వెళ్తున్నాం.

ఓసారి టావారెస్‌లోని శాంతినికేతన్ కూడా చూసొచ్చాం. మన దేశం నుంచి వచ్చిన పెద్దవాళ్ళ కోసం కట్టిన కాలనీ అది, అందరూ కలిసి భోంచేసే హాలు, భజనలు, మన తిండి. నాకు నచ్చింది. ఈ ఊళ్ళలో పాల ప్యాకెట్టుకైనా కారు తీయాలి, బస్సు అనేది ఊహే. రాత్రిపూట వానలో డ్రైవింగ్ నాకు ఇప్పటికే కష్టంగా ఉంది. మావారు మాత్రం అక్కడ అందరూ ముసలివాళ్ళే అన్నారు. ఆయనకి నిండు డెబ్బై.

ఇద్దరిలో ఒకరే మిగిలితే ఏమిటన్నది కూడా మాట్లాడుకున్నాం. ఇల్లు ఒక్క అంతస్తుదే కొన్నాం, ఆస్పత్రి దగ్గరే. అయినా నేనొక్కదాన్నే మిగిలితే మంచైనా సరే, అబ్బాయి ఊరికే వెళ్ళిపోతానని చెప్పేశాను. తానైతే ఇక్కడి నుంచి కదలనంటున్నారు మావారు. కాఫీ తప్ప ఇంకేమీ పెట్టడం రాని మనిషి, ఆ మాట మీద ఎన్నాళ్ళు నిలబడతారో అని నాకైతే అనుమానమే.